విండోస్ మార్చే ముందు ఓ మాట

అమ్మడూ,

"విండోస్ 10 బాగానే నడుస్తోంది కదా మామయ్యా, 11కి ఎందుకు మారడం?" అని అడిగావు. నడుస్తుంది, ఇంకా కొన్నేళ్లు నడుస్తుంది కూడా. కానీ 2025 అక్టోబర్ 14తో మైక్రోసాఫ్ట్ దానికి మామూలు సపోర్ట్ ఆపేసింది. ఇకమీదట అందులో కొత్తగా ఏ లొసుగు బయటపడినా, అదనపు అప్‌డేట్లకి విడిగా నమోదు చేసుకుంటే తప్ప, నీ కంప్యూటర్‌కి ప్యాచ్ (ఆ లొసుగుని సరిచేసే అప్‌డేట్) రాదు. 2017 మేలో వన్నాక్రై అనే హానికర ప్రోగ్రామ్ వచ్చి లోకమంతా ఫైళ్లకి తాళాలు వేసింది గుర్తుందా? దానికి ప్యాచ్ మార్చిలోనే వచ్చింది. పాత విండోస్ ఎక్స్‌పీకి సపోర్ట్ మాత్రం 2014లోనే అయిపోవడంతో, అది వాడే మామూలు జనానికి దాడి జరిగాక గానీ ప్యాచ్ అందలేదు. నువ్వు బ్యాంకు పనులన్నీ ఆ ల్యాప్‌టాప్‌లోనే చేస్తావు కాబట్టి, మారమనే చెబుతాను. కొత్త రంగులు, మధ్యలోకి జరిగిన స్టార్ట్ బటన్ కోసమైతే అక్కర్లేదు.

ముందు నీ మెషీన్ ఒప్పుకుంటుందో లేదో చూడు. పీసీ హెల్త్ చెక్ అని మైక్రోసాఫ్ట్ వాళ్లదే చిన్న యాప్ ఉంది, అది చెప్పేస్తుంది. టీపీఎం 2.0 (విండోస్ 11 అడిగే భద్రతా ఏర్పాటు) లేదంటే కంగారుపడకు, చాలాసార్లు అది ఉండి కూడా బయాస్‌లో, అంటే విండోస్ మొదలవకముందు తెరుచుకునే సెట్టింగ్స్‌లో, ఆఫ్ అయి ఉంటుంది. ఇంటెల్ అయితే పీటీటీ, ఏఎండీ అయితే ఎఫ్‌టీపీఎం అనే పేరుతో వెతుకు. ప్రాసెసర్ పాతదంటే మాత్రం అడ్డదారిలో ఎక్కించొద్దు. అలాంటి వాటికి అప్‌డేట్లు వస్తాయన్న గ్యారంటీ లేదని వాళ్లే చెప్పారు, ఇక మారి లాభమేంటి? అప్పుడు 2026 అక్టోబర్ 13 దాకా ఇచ్చే అదనపు సెక్యూరిటీ అప్‌డేట్లకి నమోదు చేసుకుని, ఈలోగా కొత్తది కొనాలా, విండోస్ బదులు ఉచితంగా దొరికే లినక్స్ మింట్ వేసుకోవాలా ఆలోచించుకో. 4 జీబీ ర్యామ్ చాలని రాసి ఉంటుంది కానీ, నా లెక్కలో 8 లేకపోతే విసుగే. ఇంకా పాత హార్డ్ డిస్కే ఉంటే ముందు దాని బదులు వేగంగా నడిచే ఎస్‌ఎస్‌డీ వేయించు.

నా తెలివితక్కువ పని కూడా చెబుతాను. ఓ రాత్రి ఉత్సాహం ఆపుకోలేక అప్‌గ్రేడ్ నొక్కేశాను. పొద్దున్నే అత్తయ్య ఏవో కాగితాలు స్కాన్ చేయమంది. స్కానర్ లైటు వెలుగుతోంది, కంప్యూటర్ మాత్రం అలాంటి వస్తువే లేదంటుంది. పాత మోడల్, దాన్ని విండోస్ 11తో కలిపే కొత్త డ్రైవర్ (సాఫ్ట్‌వేర్) లేదు. సరే వెనక్కి పోదామని సెట్టింగ్స్‌లో రికవరీ తెరిచాను. అప్‌గ్రేడ్ చేశాక 10 రోజుల దాకా పాతదానికి తిరిగి వెళ్లే వీలు ఉంటుంది. నాకు మాత్రం అందులోని గో బ్యాక్ బటన్ పని చేయలేదు. ముందురోజు రాత్రి పడుకోబోతూ, 'జాగా తింటోంది' అని డిస్క్ క్లీనప్‌లో అన్నిటికీ టిక్ పెట్టి పాత విండోస్ దాచి ఉంచే విండోస్.ఓల్డ్ ఫోల్డర్‌ని నా చేత్తో నేనే చెరిపేశాను మరి! ఆ 10 రోజులూ దాని జోలికి పోకు.

ఫోటోలు, సర్టిఫికెట్లు బయటి డిస్క్‌లోకి కాపీ చేసి, వేరే కంప్యూటర్‌లో పెట్టి నాలుగు ఫైళ్లు తెరిచి చూడు. కాపీ అయ్యిందనుకుని తర్వాత ఏడ్చినవాళ్లని చూశాను. డిస్క్‌కి తాళం వేసే బిట్‌లాకర్ ఆన్‌లో ఉంటే దాని 48 అంకెల రికవరీ కీ కాగితం మీద రాసుకో, బయాస్‌లో వేలు పెట్టకముందే. ఆ కాగితం ల్యాప్‌టాప్ బ్యాగులోనే పెట్టకు తల్లీ.

ప్రాజెక్టు సబ్మిట్ చేసే వారంలో మాత్రం వద్దు. అది అయ్యాక, ఖాళీగా ఉన్న రోజు పొద్దున్నే ఛార్జర్ పెట్టి మొదలుపెట్టు. ఈలోగా నీ ప్రింటర్ వెనకాల ఉన్న మోడల్ నంబర్ ఫోటో తీసి పంపు, డ్రైవర్ దొరుకుతుందో లేదో నేను చూసి పెడతాను.

మీ మామయ్య