పాప్‌కార్న్ లేకుండా తిరిగొచ్చిన పిల్ల

ప్రశ్న: అక్కయ్యగారూ, మాది నెల్లూరు. హైస్కూల్లో లెక్కల టీచరుగా చేసి రిటైరయ్యాను. మా అమ్మాయికి 28 ఏళ్ళు. మద్రాసులో ఉద్యోగం, పెరుంగుడిలో ఇద్దరు స్నేహితురాళ్ళతో కలిసి ఫ్లాట్‌లో ఉంటోంది. పోయిన నెల నేను వెళ్ళినప్పుడు ఒక ఇంగ్లీషు సినిమాకి తీసుకెళ్ళింది. ఫోన్లో ఫొటోలు చూసుకుని పరిచయమయ్యే అబ్బాయిలు, అమ్మాయిల కథ. కామెడీ అంది. కింద అక్షరాలు పడుతున్నాయి కాబట్టి చదువుకున్నాను గానీ సగం అర్థం కాలేదు. ఒకచోట హీరోయిన్ మెసేజ్ పెడుతుంది. అతను చూసి కూడా జవాబివ్వడు. ఆ పిల్ల అర్ధరాత్రి లేచి మరీ ఫోన్ చూసుకుంటుంది. హాలంతా ఒకటే నవ్వు. మా పిల్ల మాత్రం నవ్వలేదు. "పాప్‌కార్న్ తెస్తా" అని లేచి వెళ్ళి ఇరవై నిమిషాలకి వచ్చింది. చేతిలో పాప్‌కార్న్ లేదు. నేనేమీ అడగలేదు. సంబంధాలు చూస్తున్నాం, రెండు జాతకాలు నా బ్యాగులోనే ఉన్నాయి, అవీ తీయలేదు. అసలు ఘోస్టింగ్ అంటే ఏమిటి, సిచ్యుయేషన్‌షిప్ అంటే ఏమిటి? పిల్లని అడగనా వద్దా? వాళ్ళ నాన్నగారికి చెప్పనా?
– ఒక తల్లి, నెల్లూరు

జవాబు: చెల్లెమ్మా, ముందు మాటల సంగతి తేల్చేద్దాం, అది తేలిక. ఈ యాప్‌లలో టిండర్ 2012లో అమెరికాలో మొదలైంది. ఫొటో నచ్చితే వేలితో కుడివైపుకి తోస్తారు, నచ్చకపోతే ఎడమవైపుకి. ఇద్దరూ ఒకరినొకరు కుడికి తోసుకుంటేనే మాట్లాడుకునే వీలు. దాన్ని మ్యాచ్ అంటారు. 2014లో వచ్చిన బంబుల్‌లోనైతే అమ్మాయే ముందు పలకరించాలని రూలు పెట్టారు. ఇక ఘోస్టింగ్ అంటే, కొన్నాళ్ళు బాగా మాట్లాడి, గొడవా లేకుండా కారణమూ చెప్పకుండా మాయమైపోవడం. 2017లో మెరియం వెబ్‌స్టర్ నిఘంటువులోకి కూడా ఎక్కింది.

మాట కొత్తది, పని మనకి తెలిసిందే. పెళ్ళిచూపులకొచ్చి, సొజ్జీ బజ్జీ తిని, "ఇంటికెళ్ళి కబురు చేస్తాం" అని కారెక్కినవాళ్ళు మీ ఇంటికి రాలేదా? మా చెల్లెలికి అలా మూడు సంబంధాలొచ్చాయి. రెండో వాళ్ళ కబురు కోసం మా నాన్న నెలా పదిహేను రోజులు పోస్ట్‌మ్యాన్‌కి ఎదురెళ్ళాడు. కాకపోతే అప్పుడు ఆ అవమానాన్ని ఇంటిల్లిపాదీ పంచుకున్నాం. వాళ్ళు తిన్న బజ్జీల లెక్క చెప్పి మరీ మా అమ్మ తిట్టింది. అబ్బాయికి మెల్లకన్నని మా అత్త తేల్చేసింది. మీ అమ్మాయి తరఫున తిట్టిపెట్టడానికి ఎవరున్నారు? ఆ రెండు నీలం టిక్కులు తనొక్కతే చూసుకోవాలి.

సిచ్యుయేషన్‌షిప్ ఇంకో రకం తిరకాసు. కలిసి తిరుగుతారు, ఒంటిగంట దాకా ఫోన్లో మాట్లాడుకుంటారు, జ్వరమొస్తే మందులు తెచ్చిస్తారు. మనం ఒకరికొకరం ఏమవుతాం అని అడిగితే మాత్రం ఇద్దరిలో ఒకరికి నోరు పెగలదు. 2023లో ఆక్స్‌ఫర్డ్ వాళ్ళు ఆ ఏటి మాట కోసం వడపోసిన ఎనిమిదింటిలో ఇదొకటి. నాకైతే 1955 నాటి 'మిస్సమ్మ' గుర్తొచ్చింది. మీరు టీచరు, మర్చిపోయి ఉండరు. బడికి భార్యాభర్తలైన టీచర్లే కావాలని జమీందారు పట్టుబడితే, ఉద్యోగం లేని సావిత్రీ ఎన్టీఆరూ మొగుడూ పెళ్ళాలమని అబద్ధమాడి చేరతారు. ఊరి దృష్టిలో బంధం ఉంది, లోపల ఏమీ లేదు. ప్రేమ తర్వాత పుట్టింది. ఇప్పుడు దాన్ని తిరగేశారు.

ఆ సినిమా తీసిన విజయా వాళ్ళ స్టూడియో ఉన్న మా వడపళనిలో ఇప్పుడు మాల్ ఉంది. మీరు చెప్పినలాంటి సినిమా ఒకటి నేనూ మా అబ్బాయితో అక్కడే చూశాను. (ఇంగ్లీషు సినిమాకి ఇంటర్వెల్ అంటూ ఉండదు కదా, మన హాళ్ళవాళ్ళే ఎక్కడో ఒకచోట తెగ్గొడతారు. హీరో "నీతో ఒక మాట" అని నోరు తెరిచాడు, లైట్లు వెలిగాయి.) మావాడూ ఆ రోజు నవ్వలేదు. నేను మీలా ఊరుకోలేదు. ఆర్కాట్ రోడ్డు దాటకముందే "ఏరా, ఎవరైనా ఉన్నారా?" అని మొదలుపెట్టాను. "ఎవరూ లేరమ్మా" అన్నాడు. ఏడు నెలల తర్వాత ఉన్న సంగతంతా మా తోటికోడలికి చెప్పుకున్నాడు.

అందుకని మీ అమ్మాయి గురించి అడగకండి, సినిమాలో పిల్ల గురించి అడగండి. ఈసారి వెళ్ళినప్పుడు చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తూ, "అవునే, వాడు అలా ఎందుకు మాయమయ్యాడంటావు? నేనైతే నాలుగు దులిపేసేదాన్ని" అనండి. తలెత్తి మొహం చూడకండి. "ఏమోనమ్మా" అంటే అక్కడితో వదిలేయండి. "పాపం, దానికి మాత్రం ఏం తెలుసమ్మా" అని మొదలుపెడితే, చిక్కుడుకాయలు అయిపోయినా లేవకండి. "అందుకే మేం చూసిన సంబంధం చేసుకోమన్నాం" అన్న మాట నోటిదాకా వస్తుంది. మింగేయండి.

పిల్ల సరిగా తినడం లేదు, నిద్రపోవడం లేదు అనిపిస్తే ఈ డొంకతిరుగుళ్ళేవీ వద్దు, నేరుగా అడిగేయండి.

నాన్నగారికి ఏమని చెబుతారు? సినిమా మధ్యలో బయటికెళ్ళిందనా? లెక్కల టీచరుగా చెప్పండి, మీకిచ్చిన దత్తాంశం అంతే కదా. ఆఫీసు ఫోన్ వచ్చిందేమో కూడా. జాతకాలు బ్యాగులోనే ఉండనివ్వండి. కానీ ఆ రెండిళ్ళవాళ్ళకీ మీరే ఫోన్ చేసి, "ఇప్పుడప్పుడే కాదండీ" అని చెప్పేయండి. కబురు చేస్తాం అని మాత్రం అనకండి.

ప్రశ్న: అక్కయ్యగారూ, యాప్‌లో పరిచయమైన అమ్మాయిని మొదటిసారి కలుస్తున్నాను. టెన్షన్‌గా ఉంది. సినిమాకి పిలవొచ్చా?
– ఒక కుర్రాడు, షోలింగనల్లూర్

జవాబు: నీ వయసుకి నేను పెద్దమ్మనవుతాను, సరేలే. సినిమా వద్దు బాబూ. రెండున్నర గంటలు చీకట్లో పక్కపక్కన కూర్చుంటే ఆ అమ్మాయి గురించి నీకు తెలిసేది, పాప్‌కార్న్ ఉప్పుది తింటుందా తీపిది తింటుందా అన్నది మాత్రమే. నచ్చకపోతే మధ్యలో లేచి వెళ్ళడం తనకీ ఇబ్బందే. పగటిపూట, పదిమంది తిరిగే చోట, ఫిల్టర్ కాఫీకి పిలువు. రెండో కాఫీ చల్లారేదాకా మాట్లాడుకున్నారంటే అప్పుడు టిక్కెట్లు చూసుకో. బిల్లు సగం తనిస్తానంటే వాదించకు. ఇంటికెళ్ళాక మనసు కుదరలేదనిపిస్తే ఆ రాత్రే ఒక ముక్క రాసి పంపు. పై ఉత్తరం చదివావుగా.