సైనస్ ‘ఎత్తివేత’: ఒక సందేహం – సమాధానం

సందేహం: మా అత్తగారికి పైదవడ పళ్ళు ఊడి చాలా ఏళ్ళయింది. కట్టుడు పళ్ళు నిలవడం లేదని ఇంప్లాంట్లు (దవడ ఎముకలో బిగించే పళ్ళు) పెట్టిద్దామని తీసుకెళ్ళాం. స్కానింగ్ చూసి డాక్టరు ‘సైనస్ కిందికి దిగింది, ముందు దాన్ని ఎత్తాలి’ అన్నారు. ‘నాకు సైనస్ లేదు బాబూ, జలుబు కూడా చేయదు’ అన్నారు ఆవిడ. సంతకం పెట్టమని ఇచ్చిన కాగితంలో ‘సైనస్ ఎత్తివేత శస్త్రచికిత్స’ అని ఉంది. ఉన్నదేదో తీసేస్తారేమోనని ఆవిడకు ఒకటే టెన్షన్. సైనస్ అంటే జబ్బా, చోటా? దానికి తెలుగు మాట ఉందా? ‘ఎత్తివేత’ సరైన ప్రయోగమేనా? అదే కాగితంలో ‘రెండు పన్నులు’ అని కూడా రాశారు.
– ఒక పాఠకురాలు, తెనాలి

సమాధానం: అమ్మా, మీ అత్తగారికి తెలుగు బాగా వచ్చు. అందుకే భయపడ్డారు. ‘ఎత్తివేత’ను మనం ఎక్కడెక్కడ వాడతామో చూడండి: కర్ఫ్యూ ఎత్తివేత, నిషేధం ఎత్తివేత, సస్పెన్షన్ ఎత్తివేత. మాటల్లోనైతే బడి ఎత్తేశారు, మా ఊరి బస్సు ఎత్తేశారు, ఫలానావాడు దుకాణం ఎత్తేశాడు. అన్నిచోట్లా ఉన్నది లేకుండా పోవడమే. ఉత్త ‘ఎత్తు’ అయితే పైకి లేపడం. దానికి ‘వేయు’ తగిలిందంటే ఆ వస్తువు మీద చాలావరకు ఆశ వదులుకోవాల్సిందే. ‘ఎత్తు’ పక్కన చేరే క్రియను బట్టి దాని గుణం మారిపోతుంది. ఎత్తుకుంటే ముద్దు, ఎత్తుకెళ్తే దొంగతనం, ఎత్తిపొడిస్తే మనసుకు నొప్పి.

ఆ కాగితం యంత్రం అనువదించిందో, మనిషి అనువదించాడో నాకు తెలియదు. యంత్రమైతే దాన్ని ఏమీ అనలేం. అచ్చు వేయించే ముందు ఒక్కసారి పైకి చదువుకోని మనుషులనే అనాలి. హోటల్ మెనూలో తప్పుంటే నవ్వుకుని ఇడ్లీ తెప్పించుకోవచ్చు. రోగి సంతకం పెట్టే కాగితంలో ఉంటే నవ్వలేం.

ఇక సైనస్ జబ్బా, చోటా అంటే, చోటే. ముక్కుకు చెరో పక్క, కంటికి కింద, పైదవడ పళ్ళకు పైన, ఎముక లోపల గాలితో నిండిన ఖాళీలు రెండు ఉంటాయి. పెద్దవాళ్ళలో ఒక్కోదాంట్లో సుమారు 12 నుంచి 15 మిల్లీలీటర్లు పడుతుంది. నుదుటి ఎముకలోనూ, కళ్ళ నడుమా, ఇంకా లోపలా మరికొన్ని ఉన్నాయి. అక్కడ వాపు వస్తే అది సైనసైటిస్. మనం దాని తోక కత్తిరించి ‘నాకు సైనస్ ఉంది’ అంటున్నాం. శాస్త్రం ప్రకారం చూస్తే ఇది ‘నాకు మోకాలు ఉంది’ అనడం లాంటిదే. అయినా ఈ ప్రయోగాన్ని కొట్టేయడానికి నాకు చేయి రావడం లేదు. ‘నాకు షుగర్ ఉంది’, ‘ఆయనకు బీపీ ఉంది’ అని అందరం అంటూనే ఉన్నాం కదా. రక్తంలో చక్కెర లేనివాడూ, రక్తపోటు లేనివాడూ బతికి ఉండడు. వాడుక వాటిని జబ్బు పేర్లుగా ఒప్పుకున్నాక సైనస్‌ను మాత్రం గుమ్మం బయట ఎలా నిలబెట్టగలం? ఇంట్లో మీ అత్తగారు అన్నది సరే. ఆస్పత్రిలో మాత్రం ఆ మాట వాడేముందు ‘ఇది చోటు పేరమ్మా’ అని ఒక్క ముక్క చెప్పి ఉండాల్సింది.

పైదవడలో ఉన్న ఈ ఖాళీని వివరంగా రాసిన ఇంగ్లీషు వైద్యుడు నతానియేల్ హైమోర్. అది 1651 నాటి సంగతి. ఆయన పేరుతోనే దాన్ని చాలాకాలం ‘హైమోర్ గుహ’ అన్నారు. ఆయన దగ్గరికి వచ్చిన ఒకావిడకు పన్ను తీయడంతో కింది నుంచి సైనస్ తెరుచుకుందట. ఆ రంధ్రంలోకి ఈక ఒకటి పోనిస్తే ఎంతకూ అడ్డు తగలక, అది మెదడు దాకా వెళ్ళిపోయిందేమోనని హడలిపోయింది. మీ అత్తగారి భయానికి పూర్వచరిత్ర ఉందని చెప్పండి.

సైనస్ లాటిన్ మాట. దాని కథ చెప్పకుండా నేను ముందుకు కదలలేను, మీరు ఓపిక పట్టాలి. రోమన్లు ‘టోగా’ అనే పెద్ద వస్త్రం ఒంటికి చుట్టుకునేవారు. అది రొమ్ము మీదుగా వచ్చేచోట ఒక మడత వదులుగా జారి సంచిలా వేలాడేది. ఆ మడత సైనస్. డబ్బు సంచి లాంటివి అందులో దాచుకునేవారు. ఆ మడత నుంచి రొమ్ముకు, అక్కణ్ణుంచి సముద్రం నేలలోకి చొచ్చుకొచ్చిన అఖాతానికి, చివరకు లోపల బోలుగా ఉన్న ప్రతిదానికీ ఆ పేరు పాకింది. శరీరశాస్త్రజ్ఞులకు అందింది ఆ చివరి అర్థం.

ఇదే మాట గణితంలోకి వేరే దారిన వచ్చింది. ఆ దారి మన ఊళ్ళ మీదుగా పోతుంది. సంస్కృతంలో ‘జ్యా’ అంటే వింటినారి, మన అల్లెతాడు. తెలుగు మీడియంలో చదివినవాళ్ళకు వృత్తంలో చాపం, జ్యా గుర్తుండే ఉంటాయి. వంగిన విల్లు చాపం, దాని రెండు కొనలనూ కలిపే నారి జ్యా. 499 ప్రాంతంలో ఆర్యభటుడు లెక్కలకు ఈ నారిలో సగం తీసుకున్నాడు, అది అర్ధజ్య. దాన్నే జ్యా అనీ, జీవా అనీ అన్నారు. ఆ ‘జీవా’ అరబ్బులకు ‘జీబ’ అయింది. అరబ్బీ రాతలో హ్రస్వాచ్చులు సాధారణంగా రాయరు. ఆ అక్షరాలనే ‘జైబ్’ అని కూడా చదవవచ్చు. జైబ్ అంటే వాళ్ళ భాషలో అంగీకి రొమ్ము దగ్గర ఉండే తెరుపు, మడత. 12వ శతాబ్దిలో అరబ్బీ గ్రంథాలను లాటిన్‌లోకి తెచ్చినవాళ్ళు అదేమిటో తెలియక, జైబ్ కాబట్టి సైనస్ అని తేల్చేశారు. ఈనాటికీ పిల్లలు సైన్ తీటా, కాస్ తీటా అని వల్లె వేస్తున్నారంటే అందులో సైన్ ఆ పొరపాటు సంతానమే. అనువాదంలో జరిగిన తప్పు 800 ఏళ్ళు దాటి బతికి, గౌరవంగా పాఠ్యపుస్తకాల్లో కూర్చుంది. మీ ఆస్పత్రి కాగితానికి ఇంతటి భవిష్యత్తు ఉందని మాత్రం నేను అనుకోను.

ఆ అరబ్బీ జైబే పారసీకం, ఉర్దూల మీదుగా మన చొక్కాకు వచ్చి ‘జేబు’ అయింది. కాబట్టి లాటిన్ సైనస్‌కూ మన జేబుకూ రక్తసంబంధం లేకపోయినా వియ్యం ఉంది.

జేబు ఎరువు తెచ్చుకున్నది. అది రాకముందు మన ఆడవాళ్ళు వస్తువులు ఎందులో వేసుకునేవారు? ఒడిలో. ఒడి అంటే కూర్చున్నప్పుడు తొడల మీద ఏర్పడే చోటు మాత్రమే అనుకుంటారు నేటివాళ్ళు. వాళ్ళకు తెలిసిన ఒడి తల్లి ఒడి ఒక్కటే. పత్తి చేలో కూలికి వెళ్ళే ఆడవాళ్ళను అడగండి. నడుముకు గుడ్డ సంచిలా కట్టుకుని, ఏరిన పత్తి అందులో వేసుకుంటారు. ఒడి కట్టుకోవడం అంటే అది. తెలంగాణలో పుట్టింటివాళ్ళు ఆడపడుచుకు ఒడిబియ్యం పోస్తారు. పోసేది చీర కొంగు పట్టి చేసిన సంచిలో. కన్నడిగులు ఇదే వేడుకను ‘ఉడి తుంబువుదు’ అంటారు, అంటే ఒడి నింపడం. కట్టుకునే బట్టను మనం ‘ఉడుపు’ అంటాం కదా. ఒడి, ఉడి, ఉడుపు ఒక ఇంటివే అని నా అభిప్రాయం. ఒప్పుకోనివాళ్ళు ఉండవచ్చు, వాళ్ళతో తగవు పెట్టుకోను. నేను చెప్పదలచుకున్నది ఒకటే. బట్ట మడత, అందులో దాచుకునే సంచి, రొమ్ముకో తొడకో ఆనుకుని బిడ్డను పెట్టుకునే చోటు, ఈ మూడింటినీ లాటిన్‌వాళ్ళు సైనస్ అన్న ఒక్క మాటలో ఎలా ఇమిడ్చారో మనం ఒడిలో అలాగే ఇమిడ్చాం. ఎవరూ ఎవరి దగ్గరా నేర్చుకోలేదు.

పోతన గజేంద్రమోక్షంలో ‘శ్రీకుచోపరి చేలాంచలము’ కూడా వదలకుండా హరి పరుగెత్తాడు. అది వేరు. చేలాంచలం బట్ట అంచు, అంటే కొంగు. ఒడి బట్టలో ఏర్పడే లోతు. ఇప్పటి కథల్లో కొంగు, చెంగు, పైట, ఒడి అన్నీ ఒకదానికొకటి మారకంగా వాడేస్తున్నారు. చీర కట్టడం తగ్గితే చీర మాటలు కూడా నలుగుతాయి, ఏం చేస్తాం.

అలాగని పైదవడ సైనస్‌ను ‘ఒడి’ అనమని నేను చెప్పను. అన్నా ఎవరూ వినరు. సంస్కృతం ఇష్టపడేవారికి ‘కోటరం’ ఉంది, చెట్టు తొర్ర అని అర్థం. పత్రికల ఆరోగ్య పేజీల్లో ‘గాలి గది’ కనిపిస్తోంది. నాకు ఇదే నచ్చింది. గదికి గుమ్మం ఉన్నట్టే దీనికీ ముక్కులోకి తెరుచుకునే చిన్న దారి ఉంది. అయితే ఆ గుమ్మం నేల మట్టంలో కాకుండా గోడకు బాగా ఎగువన ఉంది. లోపల చేరిన నీరు తేలిగ్గా దిగిపోకపోవడానికి అదొక కారణం. సైనస్ మాట ఒంట్లో వేరేచోట్లా వినిపిస్తుంది. సైనస్ నోడ్ గుండెలోది. మానక రసి కారే పుండు దారిని కూడా సైనస్ అంటారు, దానికి ఆయుర్వేదంలో నాడీవ్రణం అన్న మాట ఉంది. ఆ రెండూ మనకు ఇక్కడ అక్కర్లేదు.

ఇప్పుడు ‘ఎత్తివేత’కు ఇంగ్లీషు మూలమైన ‘లిఫ్ట్’ దగ్గరికి వద్దాం. డాక్టరు అసలు ఎత్తేది ఏమిటి? సైనస్‌ను కాదు. దవడ పళ్ళు పోయాక వాటిని పట్టుకుని ఉన్న ఎముక కింది నుంచి అరుగుతుంది, పై నుంచి గాలి గది కిందికి పెరుగుతుంది. రెండింటి నడుమ ఎముక పలచబడి ఒక్కోసారి మూడు నాలుగు మిల్లీమీటర్లే మిగులుతుంది. ఇంప్లాంట్ మరకు అంత పలచని ఎముకలో పట్టు దొరకదు. అందుకని దవడకు పక్క నుంచి ఎముకలో చిన్న కిటికీ తెరిచి, సైనస్ లోపల అతుక్కుని ఉన్న పొరను చిరగకుండా నెమ్మదిగా పైకి లేపుతారు. ఆ పొర మందం సాధారణంగా మిల్లీమీటరు కూడా ఉండదు. ఈ చికిత్సలో ఎక్కువగా ఎదురయ్యే చిక్కు అది చిరగడమే. పొరకూ అడుగు ఎముకకూ మధ్య ఏర్పడిన చోటులో ఎముక పలుకులు నింపుతారు. అది రోగి సొంత ఎముకే కావచ్చు, శుద్ధి చేసిన పశువు ఎముక కావచ్చు, కృత్రిమంగా తయారుచేసింది కావచ్చు. ఏదో అడిగి తెలుసుకోండి. కొందరికి ఆ విషయంలో పట్టింపు ఉంటుంది, అడగడంలో తప్పు లేదు. కొత్త ఎముక గట్టిపడటానికి సుమారు నాలుగు నుంచి తొమ్మిది నెలలు పడుతుంది. పాత ఎముక పట్టు దొరికేంత మిగిలి ఉంటే అదే రోజు ఇంప్లాంట్ కూడా పెట్టేస్తారు. అమెరికాలో 1970లలో మొదలైన పద్ధతి ఇది. 1980లో బాయిన్, జేమ్స్ అనే ఇద్దరు దీన్ని ప్రచురించారు. 1994లో సమ్మర్స్ అనే వైద్యుడు, కిటికీ తెరవకుండా ఇంప్లాంట్ కోసం చేసే రంధ్రంలోంచే పొరను పైకి నెట్టే తేలిక దారి చెప్పాడు.

అంటే పని రెండు ముక్కలు: ఎత్తడం, నింపడం. ఇంగ్లీషు పేరు మొదటిది చెప్పి ఊరుకుంది. మన కాగితం ఆ మొదటిదాన్ని కూడా చెడగొట్టింది. ఇంజనీర్లను చూసి డాక్టర్లు నేర్చుకోవలసింది ఇక్కడే. లిఫ్ట్ ఇరిగేషన్ వచ్చినప్పుడు దాన్ని ‘నీటిపారుదల ఎత్తివేత’ అని ఎవరూ అనలేదు. అలా అని ఉంటే రైతులు ధర్నాకు దిగేవారు. ‘ఎత్తిపోతల పథకం’ అన్నారు. ఎత్తి పోయడం, రెండు పనులూ రెండు చిన్న క్రియల్లో వచ్చేశాయి. ఆ దారిలోనే ‘సైనస్ పొర ఎత్తి ఎముక నింపే శస్త్రచికిత్స’ అనవచ్చు. పొడుగైందంటారా? సంతకం పెట్టే కాగితంలో పొడుగు దోషం కాదు. పొట్టి పేరే కావాలంటే ‘సైనస్ అడుగు పెంపు’ అనండి. ‘అడుగు’ను పాదం అనుకునే ప్రమాదం ఉందని ఎవరైనా అంటే కాదనలేను. మాటల్లో ‘సైనస్ లిఫ్ట్’ అనేసినా నాకు అభ్యంతరం లేదు, లిఫ్ట్ మనకు కొత్తదేం కాదు. ‘ఎత్తివేత’ మాత్రం ఎత్తివేయదగినదే.

ఆపరేషన్ అయ్యాక కొన్నాళ్ళు ‘ముక్కు చీదవద్దు, తుమ్ము వస్తే నోరు తెరిచి తుమ్మండి’ అంటారు. లోపలి గాలి ఒత్తిడికి పొర కదిలిపోకూడదని ఆ జాగ్రత్త. ఈ సూచన కాగితంలో ఎలా అనువాదమై ఉందో మీరు రాయలేదు. ఒకసారి చూసుకోండి.

చివరిది, ‘రెండు పన్నులు’. పన్నులు మునిసిపాలిటీవాళ్ళు వసూలు చేసేవి. నోట్లోవి పండ్లు, వాడుకలో పళ్ళు. కన్ను–కళ్ళు ఎలాగో పన్ను–పళ్ళు అలాగే. చెట్టు మీది పండుకూ బహువచనం పళ్ళే కదా, తికమక కాదా అని మరో ఉత్తరం వస్తుందని నాకు తెలుసు. ‘మా అత్తగారికి రెండు పళ్ళు రాలాయి’ అంటే, ఆవిడ మామిడి చెట్టు కింద నిలబడి ఉంటే తప్ప, ఎవరికీ సందేహం రాదు.