పీహెచ్‌డీ మొదలుపెడుతున్న శ్రావణికి పెద్దనాయన ఉత్తరం

నల్గొండ

చిరంజీవి శ్రావణికి,

సీటు వచ్చినందుకు ఎంత సంతోషపడ్డానో మీ నాన్నతో ఫోన్‌లో చెప్పేశాను కాబట్టి నేరుగా నువ్వు పంపిన సినాప్సిస్ (పరిశోధన ప్రణాళిక) దగ్గరికి వస్తాను. "సోషల్ మీడియా ప్రభావం: ఉమ్మడి మహబూబ్‌నగర్ జిల్లా గ్రామీణ యువతపై ఒక అధ్యయనం" అని పేరు పెట్టావు. ఏ కమిటీ అయినా దీన్ని ఓకే చేస్తుంది. మీ గైడ్‌కూ అభ్యంతరం ఉండదు. నాకే ఉంది. మహబూబ్‌నగర్ తీసేసి ఆదిలాబాద్ అని రాసినా, సోషల్ మీడియా తీసేసి టీవీ అని రాసినా ఇందులో ఒక్క వాక్యం కూడా మార్చాల్సిన పని లేదు. అంటే ఇందులో పాలమూరూ లేదు, ఫోనూ లేదు.

నా మాట విని ఫోన్‌ని కాసేపు పక్కన పెట్టు బిడ్డా. ఫోన్ ఏ పనిలోకి వచ్చి చేరిందో ఆ పనిని పట్టుకో. పాలమూరు లేబర్ సంగతే తీసుకో. గుంపు మేస్త్రీ ఊళ్లోకి వచ్చి అడ్వాన్సులు ఇచ్చి మనుషుల్ని కూడగట్టేవాడు. ప్రాజెక్టుల మట్టి పనులకో, బొంబాయి బిల్డింగ్ పనులకో తీసుకుపోయేవాడు. పని ఎక్కడుంది, కూలి ఎంత, ఎప్పుడు ఇంటికి రావచ్చు అన్నవి అతను చెప్తేనే తెలిసేవి. ఇప్పుడు కూలీ జేబులోనూ ఫోన్ ఉంది. ముందు పోయినవాడు సైటు వీడియో తీసి పంపుతాడు. పైసలు ఫోన్‌పేలో ఇంటికి వస్తాయి. మరి మేస్త్రీ పట్టు సడలిందా? లేక అతనే ఒక వాట్సాప్ గ్రూపు పెట్టి ఇంతకు ముందుకన్నా ఎక్కువ మందిని తిప్పుతున్నాడా? అడ్వాన్సు బాకీ తీరనివాడికి పక్క సైటులో కూలి ఎక్కువని తెలిసి ఏం లాభం? ఇంటి దగ్గర ముసలివాళ్ల చేతికి ఆ పైసలు అందాలంటే మధ్యలో ఎవరి ఫోన్ కావాలి? వీటిలో ఏ ఒక్క ప్రశ్న పట్టుకున్నా మూడేళ్ల పని.

ఇలా అడిగినవాళ్లు ఇంతకు ముందూ ఉన్నారు, వాళ్లను చదువు. రాబర్ట్ జెన్సెన్ అనే ఆర్థికవేత్త కేరళ తీరంలో 1997 నుంచి 2001 మధ్య సెల్‌ఫోన్ సిగ్నల్ ఒక్కో ప్రాంతానికీ వస్తూ ఉంటే చేపల ధరలు ఏమయ్యాయో చూశాడు. 2007లో అచ్చయిన ఆ వ్యాసం ప్రకారం ఒక రేవుకూ ఇంకో రేవుకూ మధ్య ధరల తేడా బాగా తగ్గింది, కొనేవాడు లేక చేపలు పారబోయడం ఆగింది, జాలర్ల లాభం 8 శాతం పెరిగింది, కొనేవాళ్లకు ధర 4 శాతం తగ్గింది. "సెల్‌ఫోన్ పేదల బతుకు మార్చింది" అనడానికి ప్రపంచమంతా ఈ వ్యాసాన్నే చూపిస్తుంది. తర్వాత జానకి శ్రీనివాసన్, జెన్నా బరెల్ అనే పరిశోధకులు మళ్లీ కేరళ జాలర్ల దగ్గరికి పోయి, అన్ని చోట్లా కథ అలా లేదని రాశారు. ఈ రెండూ పక్కపక్కన పెట్టుకుని చదువు. మన బత్తాయి రైతుకైనా హైదరాబాద్ మార్కెట్ రేటు పొద్దున్నే ఫోన్‌లో తెలుస్తుంది. కానీ తోట మీద ముందే పైసలు తీసుకున్నవాడు ఆ రేటు చూసి ఏం చేస్తాడు? రేటు తెలిసినంత మాత్రాన ఆ రేటుకు అమ్ముకునే వీలు రాదు. ఆ రెండింటి మధ్య ఏముందో చూడడమే నీ పని అనుకుంటాను.

ఇక నీ ప్రశ్నావళి. "మీరు రోజుకు ఎన్ని గంటలు సోషల్ మీడియా వాడతారు?" అన్నది కొట్టెయ్. అడిగితే తక్కువ చెప్పేవాడు తక్కువ చెప్తాడు, గొప్పకు ఎక్కువ చెప్పేవాడు ఎక్కువ చెప్తాడు. మనుషులు చెప్పిన గంటలకూ ఫోన్‌లో నమోదైన గంటలకూ పెద్దగా పొంతన ఉండదని చాలా పరిశోధనలు తేల్చాయి. కావాలంటే వాళ్లను అడిగి, వాళ్ల ఎదుటే ఫోన్ సెట్టింగ్స్‌లో ఉండే లెక్క చూడు. "ఫోన్ వచ్చాక పిల్లలు చెడిపోయారా?" అన్న ప్రశ్న కూడా వద్దు. అరుగు మీద కూర్చున్న ప్రతి పెద్దమనిషీ అవుననే అంటాడు. మా కాలంలో సినిమా గురించి కూడా ఇదే అన్నారు. అమీ ఆర్బెన్, ఆండ్రూ షిబిల్‌స్కీ అనే పరిశోధకులు 2019లో అమెరికా, బ్రిటన్‌లలోని మూడున్నర లక్షల మందికి పైగా పిల్లల డేటా తీసి చూస్తే, వాళ్ల మానసిక స్థితిలో కనిపించే తేడాల్లో డిజిటల్ వాడకంతో ముడిపడింది ఎక్కువలో ఎక్కువ 0.4 శాతం. అక్కడి లెక్కను ఇక్కడికి అతికించమని కాదు. "ప్రభావం" అన్న మాట రాసే ముందు చెయ్యి కాస్త వణకాలని చెప్తున్నాను. దిగులుగా ఉన్న పిల్లాడే ఫోన్ ఎక్కువ చూస్తున్నాడేమో కూడా.

ఎక్కువ ఊళ్లు వద్దు. ఒక్క ఊరు చాలు, కాకపోతే ఆ ఊళ్లోనే ఉండు. 1975 ఆగస్టు నుంచి ఏడాది పాటు అమెరికా వాళ్ల ఉపగ్రహం వాడుకుని ఇస్రో ఆరు రాష్ట్రాల్లోని సుమారు 2,400 ఊళ్లకు టీవీ చూపించింది. సైట్ (SITE) అంటారు ఆ ప్రయోగాన్ని. మన ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ కూడా అందులో ఉంది. అప్పుడు సర్వేలతో సరిపెట్టకుండా మానవశాస్త్రజ్ఞులను ఊళ్లలో కాపురం పెట్టించారు. టీవీ ముందు ఎవరు ముందు కూర్చుంటున్నారు, ఎవరు వెనక, ఎవరు అసలు రావడం లేదు అన్నది ప్రశ్నావళితో తెలిసే సంగతి కాదు కదా. ఇప్పటి కొత్త మీడియా పరిశోధకులు ఆ రిపోర్టులు తిరగెయ్యడం మానేశారు. నువ్వు తిరగెయ్యి.

ఇంకో సంగతి. మా మర్రిగూడ వైపు ఫ్లోరైడ్ పేరుతో ఏళ్ల తరబడి ఎంతమందో వచ్చారు. నీళ్లు పట్టారు, పళ్లు చూశారు, ఫొటోలు తీసుకుని పోయారు. నీళ్లలోంచి ఫ్లోరైడ్ తీసేయడానికి నాగ్‌పూర్‌లోని నీరి సంస్థ తయారుచేసిన "నల్గొండ టెక్నిక్" పేరు వేరే దేశాల పుస్తకాల్లో కూడా ఉంది. ఊళ్లో మాత్రం సర్వే అనగానే "మళ్లీ వచ్చినవా" అన్నట్టు చూస్తారు. కాబట్టి కాగితం, పెన్నూ పట్టుకుని మొదటి రోజే ఎవరి గుమ్మం ముందూ నిలబడకు. తేల్చిన సంగతి ఏదైనా సరే, థీసిస్ ఇచ్చే ముందే తెలుగులో ఆ ఊరికి చెప్పు.

గద్వాల సంగతి నీకు గుర్తుండే ఉంటుంది. 2018లో పిల్లల్ని ఎత్తుకుపోయేవాళ్లు తిరుగుతున్నారని వాట్సాప్‌లో పుకార్లు పాకాయి. ఎండాకాలంలో ఆరుబయట పడుకునే జనం తలుపులు వేసుకుని లోపల పడుకుంటున్నారని ఊళ్లకు పోయిన పోలీసులు గమనించారు. అప్పటి ఎస్పీ రెమా రాజేశ్వరి కానిస్టేబుళ్లను ఊరూరా పంపి, జానపద కళాకారులతో పాటలు పాడించి ఆ భయం పోగొట్టారు. దేశంలో వేరే చోట్ల అవే పుకార్లు మనుషుల ప్రాణాలు తీశాయి. ఆ జూలైలోనే వాట్సాప్ మన దేశంలో ఫార్వర్డ్‌ను ఐదు చాట్‌లకు పరిమితం చేసింది. నువ్వు పట్టుకోవాల్సింది ఆ మంచాల సంగతి. భయం ఫోన్‌లో పుట్టి ఉండొచ్చు, కనపడింది మాత్రం మంచం బయట వేశారా లోపల వేశారా అన్నదాంట్లో. ఫోన్ లేని ముసలమ్మకు కూడా ఆ పుకారు చేరింది. ఎవరి నోట చేరిందో రాసినవాళ్లు తక్కువ.

ఫోన్ ఎవరిదన్నది కూడా తేలిగ్గా తేలదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, తాము స్వయంగా వాడే ఫోన్ ఉందని చెప్పిన ఆడవాళ్లు దేశం మొత్తం మీద 54 శాతమే. మిగతావాళ్లు వాడితే భర్త ఫోనో కొడుకు ఫోనో ఇచ్చినప్పుడే వాడాలి. అందుకే "మీకు ఫోన్ ఉందా" అని ఊరుకోకు. పొద్దున ఎవరి చేతిలో ఉంటుంది, రాత్రి ఎవరి చేతిలో, లాక్ ఎవరికి తెలుసు అని అడుగు. నువ్వు ఆడపిల్లవి, వంటింట్లోకి పోయి కూర్చోగలవు. మగ పరిశోధకులకు లేని అవకాశం అది.

వాట్సాప్ గ్రూపుల్లో చేరే విషయంలో మాత్రం గట్టిగా చెప్తున్నాను. అడ్మిన్ ఒప్పుకుంటే గ్రూపు మొత్తం ఒప్పుకున్నట్టు కాదు. ఎవరివో, ఎందుకొచ్చావో గ్రూపులోనే చెప్పు. వద్దన్నవాళ్ల మాటలు వాడకు. స్క్రీన్‌షాట్లో పేరు చెరిపేస్తే సరిపోదు, ఊరి పేరు రాసి "మాజీ సర్పంచి" అంటే పక్క ఊరివాడికి కూడా ఎవరో తెలిసిపోతుంది. 2023లో వచ్చిన డిజిటల్ డేటా చట్టంలో పరిశోధనకు షరతులతో మినహాయింపు ఉంది. అది చూపించి తప్పించుకోవాలని చూడకు. ఎన్నికల సమయంలో గ్రూపులు చూసి ఊరి అభిప్రాయం ఇదే అనుకోవడం కూడా ప్రమాదమే. 2022 మునుగోడు ఉప ఎన్నికప్పుడు మా ఫోన్లకు ఊపిరాడలేదు. వచ్చిన మెసేజీల్లో ఊరివాళ్లు సొంతంగా రాసినవి వెతికినా దొరికేవి కావు.

కంపెనీలు ఇచ్చే డేటా మీద థీసిస్ కట్టుకోకు. ట్విట్టర్ 2023లో ఉచితంగా డేటా ఇవ్వడం ఆపేసింది. ఫేస్‌బుక్ పోస్టులు వెతికే క్రౌడ్‌టాంగిల్‌ను 2024 ఆగస్టులో మూసేశారు. దాని మీద ఆధారపడ్డ పరిశోధకులు సగంలో ఆగిపోయారు. 2020 జూన్ 29న టిక్‌టాక్ పోయినప్పుడు మన ఊళ్లలో వీడియోలు చేసిన పిల్లల పని మొత్తం ఒక్క రాత్రిలో పోయింది. వాళ్లిప్పుడు ఏం చేస్తున్నారో వెతకడం కూడా మంచి అంశమే, నీకు ఇష్టమైతే. ఏది చూసినా తేదీ వేసి నోట్‌బుక్‌లో రాసుకో.

ఆఫీసు పనుల గురించి ఎక్కువ చెప్పను. యూజీసీ నిబంధనల ప్రకారం పీహెచ్‌డీకి కనీసం మూడేళ్లు, మామూలుగా ఎక్కువలో ఎక్కువ ఆరేళ్లు. పైసలు కడితే వారంలో వ్యాసం వేస్తామనే జర్నల్ మెయిళ్లు డిలీట్ చెయ్. మన దేశంలోని థీసిస్‌లు ఆన్‌లైన్‌లో దొరికే శోధ్‌గంగలో నీ అంశానికి దగ్గరగా ఉన్న పాత థీసిస్‌లు చూడు. ముందు చివరి అధ్యాయం చదువు, సరుకు ఉందో లేదో అక్కడే తెలుస్తుంది.

సినాప్సిస్ మళ్లీ ఒక్క పేజీలో రాసి దసరాకు వచ్చినప్పుడు తీసుకురా. మక్తల్‌లో నా పాత విద్యార్థి ఒకతను ఉన్నాడు, మేస్త్రీలు బాగా తెలుసు, నంబర్ మీ నాన్నకు పంపాను. మొదటిసారి అతన్ని వెంటబెట్టుకుని పో. రెండోసారి నుంచి ఒక్కదానివే పో. మేస్త్రీకి తెలిసిన మనిషి పక్కన ఉంటే కూలీలు అడ్వాన్సు మాట ఎత్తరు.

ఆశీస్సులతో,
మీ పెద్దనాయన