గుండె, కిడ్నీ రెండూ దెబ్బతిన్నప్పుడు నీరు తీసే మిషన్ పెట్టించాలా?

మీ నాన్నగారికి గుండె బలహీనపడి ఒళ్లంతా నీరు చేరిందని, మూత్రం ద్వారా నీరు తీసే లాసిక్స్ మందు ఇస్తున్నా క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు తగ్గితే రక్తంలో పెరిగేది) పెరుగుతోందని, డాక్టర్లు అల్ట్రాఫిల్ట్రేషన్, అంటే మిషన్‌తో నీరు తీయడం, అంటున్నారని రాశారు. అది డయాలసిస్సేనా అని అడిగారు. మా అమ్మకు ఇదే చేశారు కాబట్టి చెబుతున్నాను.

రెండూ ఒకటి కాదు. ఈ మిషన్ రక్తాన్ని ఫిల్టర్ గుండా పంపి అదనపు నీటిని, దాంతోపాటు ఉప్పును తీసేస్తుంది. యూరియా, పొటాషియం స్థాయిలను డయాలసిస్‌లా దించదు. పొటాషియం ప్రమాదకరంగా పెరిగితే ఇది చాలదు.

గుండె సరిగా పంపు చేయక కిడ్నీకి రక్తం అందడం లేదనే మనం అనుకుంటాం. అది కొంతవరకే నిజం. చాలామందిలో కిడ్నీ నుంచి గుండెకు తిరిగొచ్చే సిరల్లో ఒత్తిడి పెరగడమే పెద్ద ఇబ్బంది. ముందు కాలవ నిండిపోతే వెనక నీళ్లు కదలనట్టు. అందుకే నీరు తగ్గితే కొందరికి కిడ్నీ కూడా తేరుకుంటుంది. అమ్మకు అలాగే అయింది. మధ్యలో బీపీ పడిపోతే నీరు తీసే వేగం వెంటనే తగ్గించారు.

అలాగని మందుల కంటే మిషనే మేలని అనుకోకండి. 2007లో వచ్చిన అన్‌లోడ్ అధ్యయనంలో 200 మందిపై మిషన్ మంచి ఫలితమే చూపింది. కానీ 2012లో వచ్చిన కారెస్ అధ్యయనం అప్పటికే కిడ్నీ పనితీరు పడిపోతున్న 188 మందిపై చేసింది, మీ నాన్నగారి పరిస్థితికి అదే దగ్గర. మందులను దశలవారీగా పెంచినవారికీ, మిషన్ పెట్టినవారికీ బరువు దాదాపు ఒకేలా తగ్గింది. క్రియాటినిన్ మాత్రం మిషన్ పెట్టినవారిలోనే పెరిగింది, ఇతర సమస్యలూ వారిలోనే ఎక్కువ.

కాబట్టి ముందు డాక్టర్‌ను అడగండి: లాసిక్స్ ఇంజెక్షన్ పూర్తి డోసులో ఇచ్చారా? మెటోలజోన్ లాంటి, నీరు తీసే మరో మందు కలిపి చూశారా? ఇంజెక్షన్ ఇచ్చిన 2 గంటలకు యూరిన్ సోడియం (మూత్రంలో ఎంత సోడియం పోతోందో) చూశారా? అది లీటరుకు 50-70 మిల్లీ ఈక్వివలెంట్ల కంటే తక్కువుంటే మందు సరిగా పనిచేయలేదని లెక్క. అమ్మకు ఇవన్నీ అయ్యాకే మిషన్ దాకా వెళ్లారు.

కార్డియోమెమ్స్ గురించి కూడా అడిగారు. 2014లో అమెరికాలో అనుమతి పొందిన సెన్సర్ అది. ఊపిరితిత్తులకు వెళ్లే ధమనిలో ఒత్తిడిని కొలిచి ముందే హెచ్చరిస్తుంది, నీరు తీయదు. ఇప్పుడు మీకు కావలసింది అది కాదు.

మిషన్ పెట్టడానికే నిర్ణయిస్తే, రక్తం గడ్డకట్టకుండా మామూలుగా హెపారిన్ ఇస్తారు. నాన్నగారికి ఇదివరకు అల్సర్ గానీ, రక్తస్రావం గానీ ఉండుంటే వాళ్లు అడిగే దాకా ఆగకుండా మీరే చెప్పండి.