స్కూటర్ మీద బడికి పంపే ముందు ఒక్కసారి ఇది చదువు

ఏమే తల్లీ,

సోమవారం నుంచి బుజ్జిగాడు కాలితో తోసే స్కూటర్ మీద బడికి వెళ్తాడని, నువ్వు పక్కన నడుస్తావని మీ అమ్మ చెప్పింది. ఆరేళ్లకే అంత బ్యాలెన్స్ వచ్చిందా అని మురిసిపోయాను, రాత్రి మాత్రం నిద్ర పట్టలేదు. విసుక్కోకుండా చదువు.

హెల్మెట్ కనుబొమ్మల పైన రెండు వేళ్ల ఎడంలో ఉండాలి, టోపీలా వెనక్కి జారితే పెట్టినా ఒకటే పెట్టకపోయినా ఒకటే. బూట్ల లేసులు చూడు. బ్యాగు వీపుకే, హ్యాండిల్‌కి నీళ్ల సీసా కూడా తగిలించకు. మడిచే స్కూటరైతే లాక్ బిగిసిందో లేదో రోజూ ఊపి చూడు.

అసలు సంగతి వేరే. మీ అన్నయ్య స్టైల్ కోసం గడ్డం పెంచాడని అందరూ ఏడిపిస్తారు కదా, దాని కింద నాలుగు కుట్లున్నాయి. అవి నా నోటి వల్ల పడ్డాయి. అప్పుడు వాడికి ఏడేళ్లు. ఫుట్‌పాత్ మీద నాకంటే ఓ 20 అడుగులు ముందు పోతున్నాడు, చక్కగానే పోతున్నాడు. ఒక గేటులోంచి కారు రివర్స్‌లో వస్తూ వెనక తెల్ల లైటు కనబడేసరికి గుండె జారిపోయి, వాడి పేరు పెట్టి కేకేశాను. పేరు పిలిస్తే పిల్లాడేం చేస్తాడు? వెనక్కి చూస్తాడు. తలతో పాటు చేతులు తిరిగాయి, చేతులతో హ్యాండిల్ తిరిగింది, ముందు చక్రం పలకల సందులో దిగి టక్కున ఆగింది. సైకిల్ అయితే దాటిపోయే సందే, ఆ చిన్న చక్రానికి గొయ్యి. వాడు మాత్రం ఆగలేదు, గడ్డం నేలకు కొట్టుకుంది. ఆ కారాయన అప్పటికే బ్రేక్ వేసి నిలబడి ఉన్నాడు తెలుసా! నేను నోరు మూసుకుని ఉంటే ఏమీ అయ్యేది కాదేమో. ఈ మాట మీ పెదనాన్నకి కూడా ఇన్నాళ్లూ చెప్పలేదు.

అందుకే వెనక నుంచి అరవకు, అరవాల్సినంత దూరం పోనివ్వకు. ఆదివారం దారంతా వాడితో నడిచి, ఎక్కడెక్కడ ఆగాలో వాడి చేతే చెప్పించు. ప్రతి గేటు ముందూ కాలు కింద పెట్టాలి, రోడ్డు దాటేచోట దిగి నడవాలి (కారు ఎంత వేగంగా వస్తోందో ఆ వయసుకి అంచనా అందదు). పిలవాల్సి వస్తే పేరు వద్దు, "ఆగు" చాలు. ఆగు అంటే నా వైపు చూడడం కాదురా, వెనక చక్రం బ్రేక్ తొక్కడం అని ఇంటి ముందు ఆటలా పదిసార్లు చేయించు. వాన పడితే ఆ బ్రేక్ జారుతుంది, ఆ రోజు ఏడ్చినా నడిపించే తీసుకెళ్లు.

లేటైందని వాణ్ణి తరిమితే ఊరుకోను. పది నిమిషాలు ముందు లేవవే, జడ వేస్తుంటే నా ఒళ్లోనే కునుకు తీసిన పిల్లవి నువ్వు, నీ సంగతి నాకు తెలియదా! తిరిగొచ్చేటప్పుడు ఖాళీ స్కూటర్ నువ్వే మోయాలి, అది ఊగి మడమకి తగిలితే ప్రాణం పోతుంది, చూసుకో.

సోమవారం వాడు లోపలికి వెళ్లగానే మెసేజ్ పెట్టు. ఫోన్ చేతిలోనే ఉంటుంది.

మీ పెద్దమ్మ