కార్డు లిమిట్ ఉంది కదా అని బాస్ గిటార్ కొనేస్తారా బ్రదర్?

ఒడిశాలోని రాయగడ నుంచి ఒక బ్రదర్ పెద్ద లెటర్ రాసారు, కుదించి చెప్తాను. వయసు 42, ఫ్యాక్టరీలో కాంట్రాక్టర్ కింద ఎలక్ట్రికల్ సూపర్‌వైజర్, చేతికి 36,000 వస్తుంది, ఇంటావిడ టైలరింగ్ మీద ఇంకో 5,000. ఇద్దరు పిల్లలు, అమ్మగారు వీళ్ళ దగ్గరే ఉంటారు, ఆవిడకి షుగరూ బీపీ. అద్దె, స్కూల్ ఫీజులు, మందులు, బండి ఈఎమ్ఐ అన్నీ కలిపి నెలకి 31,000 పోతుంది, బ్యాంకులో ఉన్నది 23,000. కాలేజీ రోజుల్లో బరంపురంలో ఆర్కెస్ట్రా పార్టీలో బాస్ వాయించేవారట, ఉద్యోగంలో పడ్డాక 2006లో ఆపేసారు. ఇప్పుడు చర్చి క్వయర్‌లో కుర్రాళ్ళు రమ్మంటున్నారు, మళ్ళీ నేర్చుకోవాలని మహా కోరికగా ఉంది. ఐదు తీగల బాస్ 48,000, అది కార్డు మీద 12 నెలల నో కాస్ట్ ఈఎమ్ఐ. ఆంప్, అంటే గిటార్ సౌండ్ పెంచే స్పీకర్ పెట్టె, 22,000, దానికి ఫోన్లో యాప్ లోన్, కాదంటే ఇంటావిడ గొలుసు తాకట్టు. "నెలకి రెండు ప్రోగ్రామ్‌లు దొరికినా ఈఎమ్ఐ దానంతటదే వెళ్ళిపోద్ది సార్, ఈ మూడింట్లో ఏది బెటర్" అని ప్రశ్న. చివర్న ఇంకో లైన్ కూడా రాసారు, "ఎమర్జెన్సీ ఏదైనా వస్తే కార్డు ఉంది, లిమిట్ 60,000" అని.

ఆ చివరి లైన్ చూసే నేను జవాబు రాస్తున్నాను, లేకపోతే గిటార్ సంగతి మీ ఇంట్లో తేల్చుకునేదే. బరంపురం నుంచి కోరాపుట్ దాకా నాకొచ్చే లెటర్లలో సగం మంది ఇదే అనుకుంటున్నారు, కార్డు లిమిట్ అంటే మన డబ్బే అని, కష్టమొస్తే అదే ఆదుకుంటుందని. అది బ్యాంకు వాడు అప్పివ్వడానికి రెడీగా ఉన్నాడని చెప్పడం బ్రదర్, అంతే. పైగా మీ కేసులో ఆ లిమిట్ కూడా మిగలదు, ఎందుకంటే 48,000 ఈఎమ్ఐలో పెట్టగానే అంత లిమిట్ బ్లాక్ అయిపోద్ది, మీరు కట్టేకొద్దీ కొంచెం కొంచెంగా వదులుతాడు. అంటే మొదటి నెల మీ ఎమర్జెన్సీ ఫండ్ మొత్తం 12,000. అందులో కిరాణా, పెట్రోలు కూడా గీకుతారు, నాకు తెలుసు.

ఇప్పుడు అసలు లెక్క. ఖర్చు 31,000, చేతిలో 23,000. రేపు జీతం ఆగితే మీ ఇల్లు నడిచేది 22 రోజులు. కాంట్రాక్టు మార్చికి రెన్యూ అవ్వాలని మీరే రాసారు, కాంట్రాక్టర్ మారితే ఒకటి రెండు నెలలు ఖాళీగా కూర్చోబెడతారని కూడా మీరే రాసారు, మరి ఇవన్నీ రాసిన మనిషి కిందనే ఐదు తీగలా నాలుగు తీగలా అని ఎలా అడుగుతారో నాకు అర్థం కాదు. పర్మినెంట్ ఉద్యోగం ఉన్నవాళ్ళకి మూడు నెలల ఖర్చు పక్కన పెట్టుకోండి అంటాను, కాంట్రాక్టు వాళ్ళకి ఆరు నెలలు, ఇందులో బేరం లేదు. మీకు 1,86,000. పెద్ద నెంబరే, ఒక్కరోజులో అవ్వదు, కానీ అటువైపు నడక మొదలుపెట్టకుండా కొత్త అప్పు చెయ్యకూడదు.

అమ్మగారికి ఆరోగ్య కార్డు ఉంది కదా అంటారేమో. ఒడిశా ప్రభుత్వం ఇచ్చే గోపబంధు జన ఆరోగ్య యోజన కార్డులో ఆవిడ పేరు ఎక్కిందో లేదో ఈ వారమే చూడండి, ఉంటే చాలా మంచిది. కానీ కార్డు ఇచ్చేది ఆస్పత్రి బిల్లు. రాత్రి పదకొండింటికి ఆవిడకి ఒంట్లో బాగోక వైజాగ్ తీసుకెళ్ళమన్నారనుకోండి, పార్వతీపురం బొబ్బిలి మీదుగా కారు అద్దె ఎవరిస్తారు? అక్కడికెళ్ళాక కార్డు పని అయ్యేలోపు కట్టమనే అడ్వాన్సు, బయట మందుల షాపులో కొనుక్కురమ్మనే ఇంజెక్షన్లు, మీరూ మీ ఇంటావిడా వారం రోజులు లాడ్జి, టిఫిన్లు, ఆ వారం మీకు పడే లాస్ ఆఫ్ పే. దీన్ని ఏ ఇన్సూరెన్సూ పూర్తిగా కవర్ చెయ్యదు. నేను చూసినంతలో మామూలుగా జీతాల మీద బతికే కుటుంబాలు యాప్ లోన్లలోకి దిగేది సరిగ్గా ఇలాంటి రాత్రే, ఆస్పత్రి కౌంటర్ పక్కన ప్లాస్టిక్ కుర్చీలో కూచుని, ఫోన్ చార్జింగ్ 9 శాతం ఉండగా, ఏ గడిలో ఏం రాసుందో చదవకుండా ఓకే ఓకే ఓకే నొక్కేసి. మీరేమో అంత కష్టం ఏదీ లేకుండానే, ఆంప్ కోసం, అదే యాప్‌లోకి వెళ్తున్నారు!

ఆ యాప్ స్క్రీన్‌షాట్ పంపారు గనక దాని సంగతీ చూద్దాం. లోన్ 22,000, ప్రాసెసింగ్ ఫీజు, దాని మీద జీఎస్టీ కలిపి 1,540 ముందే కోసేస్తాడు, చేతికొచ్చేది 20,460. నెలకి 4,150 చొప్పున ఆరు నెలలు, మొత్తం 24,900. "వడ్డీ తక్కువే సార్, మూడు వేల లోపే" అని రాసారు. తప్పు. ప్రతి నెలా అసలు కొంత తిరిగిచ్చేస్తున్నారు కదా, మిగిలిన బాకీ మీద లెక్కేస్తే నూటికి నెలకి దగ్గర దగ్గర ఆరు రూపాయల వడ్డీ, ఏడాదికి 70 శాతం దాటింది. మీ వీధిలో ఫైనాన్స్ ఆయన ఆరు రూపాయల వడ్డీ అంటే మీరు ఆ గుమ్మం తొక్కుతారా? మూడు రూపాయలంటేనే శాపనార్థాలు పెడతాం. ఫోన్లో రంగురంగుల బటన్ ఉంటే మాత్రం తక్కువే అనిపిస్తది.

నో కాస్ట్ ఈఎమ్ఐ కొంచెం మర్యాదగా ఉంటుంది గానీ అదీ పూర్తిగా ఫ్రీ కాదు, ప్రాసెసింగ్ ఫీజు ఉంటది, వడ్డీ భాగం మీద జీఎస్టీ మీ మీదే పడుద్ది, క్యాష్ పెడితే వచ్చే డిస్కౌంట్ పోద్ది. ఒక్క నెల బిల్లు పూర్తిగా కట్టలేకపోయారా, అక్కణ్ణుంచి ఏడాదికి 40 శాతం పైన వడ్డీ మొదలు. గొలుసు తాకట్టు వడ్డీ వరకూ చూస్తే ఈ మూడింట్లో చవక, అయినా వద్దు, ఇంట్లో చివరాఖరికి మిగిలిన ఆధారం అదొక్కటే. చీటీ ముందే పాడేద్దామా అని కూడా అడిగారు, వద్దు.

రెండు ఈఎమ్ఐలు కలిపితే మొదటి ఆరు నెలలు 8,150. మీకు నెలకి మిగిలేది 10,000, కాబట్టి కాగితం మీద సరిపోయినట్టే ఉంది, అందుకే మీకు ధైర్యం వచ్చింది. ప్రోగ్రామ్‌కి 1,500 ఇస్తారట, రెండు అయితే 3,000, అందులో గుణుపురమో పర్లాకిమిడో వెళ్ళొచ్చే చార్జీలు తీసెయ్యండి. ఆషాఢంలో పెళ్ళిళ్ళు ఉండవు, ఈఎమ్ఐకి మాత్రం ఆషాఢం లేదు. పైగా మీరు ఆపేసిన 2006కీ ఇప్పటికీ చాలా తేడా వచ్చింది, చాలా పార్టీల్లో కీబోర్డ్ ఆయనే ఎడమ చేత్తో బాస్ లాగించేస్తున్నాడు, లేదా ట్రాక్ వేసేస్తున్నారు. దాదాపు ఇరవై ఏళ్ళు ముట్టుకోని చెయ్యి రెండు నెలల్లో స్టేజీ ఎక్కి డబ్బులు తేవాలంటే ఆ చేతికీ భారమే.

గిటార్ మానెయ్యమని నేనట్లేదు, దయచేసి అలా చదవకండి. లెటర్ మధ్యలో ఎక్కడో దాచినట్టు రాసారు, పాత నాలుగు తీగల బాస్ అటక మీద ఉందని. అది దించండి! మా బావమరిది పర్లాకిమిడిలో చర్చిలో బాస్ వాయిస్తాడు, మీ లెటర్ వాడికి చదివి వినిపిస్తే వాడు ముందు అడిగింది కూడా అదే, "పాతది ఏమైంది బావా?" అని. ఇన్నేళ్ళు తీగలు బిగించే వదిలేస్తే గిటార్ మెడ విల్లులా వంగి ఉంటది, తీగలకీ ఫ్రెట్లకీ (మెడ మీద అడ్డంగా ఉండే లోహపు పట్టీలు) మధ్య ఎడం పెరిగిపోయి నొక్కితే వేళ్ళు మండుతాయి, దాంతో మనకి వయసైపోయింది అనుకుంటాం. మెడ లోపల ట్రస్ రాడ్ అని ఒక లోహపు కడ్డీ ఉంటది, ఆలెన్ కీతో కొద్దికొద్దిగా తిప్పి సరిచేస్తారు, మీరు ఎలక్ట్రికల్ మనిషి కదా అని సొంతంగా బలంగా తిప్పెయ్యకండి, బరంపురంలో గానీ వైజాగ్‌లో గానీ తెలిసిన మెకానిక్ చేత సెటప్ చేయించండి. కొత్త తీగల సెట్ రెండు వేలు అటూఇటూ, నాబ్ తిప్పితే గరగరలాడితే కొంచెం క్లీనింగ్. హెడ్‌ఫోన్స్‌కి తగిలించే బుల్లి ఆంప్ ఇంకో రెండు మూడు వేలు. అంతా కలిపి 6,000 లోపు తేలిపోద్ది, అది ఈ నెల మిగిలిన డబ్బుల్లోంచే.

ఇక ఆ 22,000 ఆంప్, అన్నిటికంటే ఖరీదైన అప్పు చేసి కొనబోతున్నది, అది మీకు అసలు అక్కరే లేదు. చర్చిలో మిక్సరూ బాక్సులూ ఉన్నాయని మీరే రాసారు. డీఐ బాక్స్ అని గిటార్‌ని మిక్సర్‌కి కలిపే ఒక చిన్న పెట్టె పెట్టి బాస్‌ని నేరుగా మిక్సర్‌లోకి ఇచ్చేస్తారు, మా వాడు చేసేది అదే. ఇంట్లోనా, బాస్‌లో కింది ఈ తీగ 41 హెర్ట్జ్ దగ్గర మోగుద్ది, చిన్న ప్రాక్టీస్ ఆంప్ స్పీకర్‌లో అది సరిగా వినిపించనే వినిపించదు, హెడ్‌ఫోన్స్‌లో బాగా తెలుస్తది, పిల్లల చదువుకీ అడ్డుండదు. ఐదో తీగ మీద మోజు గురించి కూడా వాడన్నాడు, క్వయర్ పాటలకి నాలుగు తీగలు చాలు, మొదట రూటూ ఫిఫ్తూ, అంటే మన సా పా లాంటివి, టైమింగ్‌తో నిలబెట్టమను అని. రోజుకి ఇరవై నిమిషాలు, ఫోన్లో తాళం కొట్టే ఫ్రీ మెట్రోనోమ్, ఐదో ఫ్రెట్ పైనుంచి మొదలుపెట్టడం, అక్కడ ఫ్రెట్లు దగ్గరగా ఉంటాయి కాబట్టి వేళ్ళు మరీ చాచక్కర్లేదట. మణికట్టు నొప్పొస్తే ఆపెయ్యాలట, పట్టుదలకి పోకూడదట.

డబ్బుల సంగతికొస్తే వచ్చే నెల నుంచి ఇలా. ఈఎమ్ఐలకి కడదామనుకున్న డబ్బే కాబట్టి కష్టం అనకండి, 8,000 జీతం పడ్డ రోజే వేరే బ్యాంకులో ఆర్‌డీలోకి, అంటే నెలనెలా కట్టే డిపాజిట్‌లోకి, వెళ్ళిపోవాలి, ఆ ఖాతాకి ఏటీఎం కార్డు, యూపీఐ రెండూ వద్దు. ఏడాదికి 96,000, ఇప్పుడున్న 23,000 కలిపితే 1,19,000, దాదాపు నాలుగు నెలల ఖర్చు. బండి ఈఎమ్ఐ ఏడు నెలల్లో అయిపోద్దని రాసారు, ఆ 3,200 కూడా ఇందులోకే, మధ్యలో కొత్త ఫోన్ కొనకుండా. ఇంకో 1,500 గిటార్ పేరు మీద విడిగా వెయ్యండి. ప్రోగ్రామ్ డబ్బులు వస్తే, వస్తే అంటున్నా, ప్రతి రూపాయీ ఆ గిటార్ ఖాతాలోకే. మీరు చెప్పినట్టు నెలకి 3,000 నిజంగా వస్తే ఏడాదికి అది 36,000, మీ 1,500ల 18,000తో కలిపి 54,000, ఆ 48,000 బాస్ క్యాష్ పెట్టి డిస్కౌంట్ అడిగి మరీ తెచ్చుకోవచ్చు. రాకపోతే ఆ రాని ప్రోగ్రామ్‌ల మీద ఈఎమ్ఐ పెట్టనందుకు మీ ఇంటావిడ సంతోషిస్తారు.

కాంట్రాక్టర్ ఇచ్చిన గ్రూప్ హెల్త్ పాలసీ 2 లక్షలది, ఉద్యోగంతోపాటే పోద్ది, జీతం 21,000 దాటింది కాబట్టి ఈఎస్ఐ కూడా లేదు. అందుకని మీకూ ఇంటావిడకీ పిల్లలకీ సొంతంగా ఒక ఫ్యామిలీ ఫ్లోటర్ (ఇంటిల్లిపాదికీ కలిపి ఒకే హెల్త్ పాలసీ), మీ మీద ఒక టర్మ్ పాలసీ (మీకేమైనా అయితే ఇంట్లోవాళ్ళకి డబ్బిచ్చే జీవిత బీమా) చూడండి, 2025 సెప్టెంబర్ 22 నుంచి వ్యక్తిగత పాలసీల ప్రీమియం మీద జీఎస్టీ కూడా తీసేసారు. మీకు ఇప్పుడు ఏ జబ్బూ లేనప్పుడే తీసుకోవాలి, ఉన్న జబ్బులకి మూడేళ్ళ దాకా వెయిటింగ్ పెట్టొచ్చు వాళ్ళు. ఆ ప్రీమియం కోసం మొదటి ఏడాది ఆర్‌డీ 8,000 బదులు 6,000 అయినా నేనేమీ అనను, ఫండ్ కొంచెం ఆలస్యమవుద్ది అంతే.

ఒకవేళ ఈ జవాబు చూసేలోపే యాప్‌లో ఓకే నొక్కేసి ఉంటే, కీ ఫ్యాక్ట్ స్టేట్‌మెంట్ అని ఒక పేజీ ఇచ్చి ఉంటాడు, అందులో కూలింగ్ ఆఫ్ పీరియడ్, అంటే లోన్ వద్దనుకుని వెనక్కి తగ్గే గడువు, ఎన్ని రోజులో చూడండి. ఆ గడువులోపు అసలూ, ఆ రోజులకి పడిన చార్జీ కట్టేస్తే పెనాల్టీ లేకుండా బయటపడొచ్చు, ఆర్‌బీఐ రూలే అది, ప్రాసెసింగ్ ఫీజు మాత్రం వెనక్కి రాకపోవచ్చు. ఆంప్ ఆర్డర్ అయితే ముందు అది క్యాన్సిల్ చెయ్యండి.