ఎండ తగలని చోట మెలనోమా

ప్రశ్న: మాది అంబాజీపేట దగ్గర పల్లెటూరు. అమ్మకు 66 ఏళ్లు. మూడు నెలలుగా లంగాకి రక్తం మరకలవుతున్నా, ఈ వయసులో మళ్లీ నెలసరేమిటని సిగ్గుపడి చెప్పలేదు. మూత్రద్వారం దగ్గర శనగగింజంత నల్లటి కండ ఉంటే తీసి పరీక్షకు పంపారు. మెలనోమా అని రిపోర్టు. ఎండవల్ల చర్మానికి వచ్చే క్యాన్సర్ అంటున్నారు, అక్కడికెలా వచ్చింది? మూత్రసంచి తీసేస్తారా? సంక్రాంతి అయ్యాక పెద్దాసుపత్రికి తీసుకెళ్లొచ్చా?
– ఒక పాఠకురాలు, కోనసీమ

జవాబు: అమ్మా, ముందు ఎండ సంగతి. ఒంటికి రంగునిచ్చే కణాలు చర్మంలోనే కాదు, నోరు, ముక్కు, మలద్వారం, మూత్రనాళం లోపలి పొరల్లోనూ ఉంటాయి. అక్కడ పుట్టే మెలనోమాకూ ఎండకూ సంబంధం లేదు. కొబ్బరితోటలో పనివల్ల రాలేదు, శుభ్రత తక్కువై రాలేదు. ఈ మాట అమ్మగారికి మీరే చెప్పండి, సిగ్గుతో నలిగిపోతుంటారు.

రాజమండ్రిలో ఇన్నేళ్ల ప్రాక్టీసులో ఇలాంటివి రెండే చూశాను. ముట్లుడిగినవాళ్లకు మూత్రద్వారం దగ్గర కారంకుల్ అని ఎర్రటి కండ రావడం మామూలే. మొదటామెకు అదేననుకుని ఆరు వారాలు క్రీము రాయించాను. అది నల్లగా లేదు మరి. రంగులేని మెలనోమా ఉంటుందని చదువుకున్నదే, ఆవేళ తట్టలేదు. ఆ ఆరు వారాలు ఇప్పటికీ నన్ను బాధపెడతాయి. మీ డాక్టరుగారు వెంటనే ముక్క పంపి మంచిపని చేశారు.

ఇప్పుడు ఆ ల్యాబ్‌కి వెళ్లి స్లైడ్లూ, మైనంలో దాచిన ముక్కా అడగండి. దాన్ని బ్లాక్ అంటారు. దానిమీద ఎస్-100, హెచ్ఎంబీ-45, మెలాన్-ఎ పరీక్షలు చేస్తే ఇది మెలనోమాయేనా అన్న సందేహం తీరుతుంది. మూత్రనాళానికి వచ్చే మామూలు క్యాన్సర్‌కు వైద్యం వేరు కాబట్టి ఇది తేలాలి. కిట్, బ్రాఫ్ జన్యువుల్లో మార్పులు చూడడానికీ ఆ ముక్కే కావాలి.

తర్వాత, అది అక్కడే పుట్టిందా, వేరేచోటి నుంచి పాకిందా అన్నది. అరికాళ్లు, గోళ్ల కింద, నోరు, కళ్లు, యోని, మలద్వారం అన్నీ చూడమనండి. చెప్పుల్లేకుండా చేలో తిరిగేవాళ్ల అరికాలి మచ్చని మనవైపు ఎవరూ పట్టించుకోరు. గజ్జల్లో బిళ్లలు కట్టాయేమో చూడాలి. సిస్టోస్కోపీ (సన్న గొట్టంతో మూత్రనాళం, మూత్రసంచి లోపల చూడడం), పెట్-సీటీ (జబ్బు ఎక్కడికైనా పాకిందేమో చూసే స్కాన్), పొత్తికడుపుకీ మెదడుకీ ఎమ్మారై చేస్తారు.

మూత్రసంచి అందరికీ తీయరు. కండ మూత్రద్వారం చివరే ఉంటే, చుట్టూ కొంత మంచి భాగంతో సహా ఆ చివర తీస్తే సరిపోవచ్చు. పైకి పాకితేనే సంచి మాట. అయితే ఇది మొండి జబ్బు, ఎంత పెద్ద ఆపరేషన్ చేసినా తిరగబెట్టొచ్చు. అందుకే నివోలుమాబ్, పెంబ్రోలిజుమాబ్ లాంటి ఇమ్యూనోథెరపీ మందుల (ఒంటి రోగనిరోధక శక్తినే క్యాన్సర్ మీదికి పంపేవి) గురించి అడగండి. చర్మపు మెలనోమాలో చేసినంత మేలు ఇందులో చేయవు, కానీ కొందరికి బాగా పనిచేస్తాయి. ఖరీదు చాలా ఎక్కువ. అవి వాడేటప్పుడు విరేచనాలైనా, ఆయాసమొచ్చినా సొంతంగా మాత్రలు వేయకండి, వెంటనే డాక్టరుకి ఫోన్ చేయండి. కిట్ మార్పు ఉంటే ఇమాటినిబ్ మాత్రలు కొందరికి ఉపయోగపడతాయి.

విశాఖ అగనంపూడిలో టాటా మెమోరియల్ వారి హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి ఉంది. పండగయ్యాక కాదమ్మా, ఈ వారమే బయల్దేరండి. రిపోర్టుతోపాటు ఆ బ్లాక్ కూడా సంచిలో పెట్టుకోండి.